జెర్బెరా పుట్టింటి నుంచి

చిరంజీవి చిన్నికి,
నాన్న ఆశీస్సులు.

స్టేజీ డెకరేషన్ ఫోటోలు చూశాను. "జెర్బెరాలు వద్దు నాన్నా, అచ్చం ప్లాస్టిక్ పూలలా ఉంటాయి" అని రాశావు. నువ్వన్నదాంట్లో తప్పేం లేదు. పూలకొట్టుకు వచ్చేసరికే తలకు పాలిథిన్ తొడుగు, కాడ వంగిపోకుండా తీగ, ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయిన మనిషిలా ఉంటుంది పాపం. కానీ నేనిప్పుడు దక్షిణాఫ్రికాలో ఉద్యోగం చేస్తున్నది దాని పుట్టింటి పక్కనే. నేనుండే ఎంబోంబెలా నుంచి అది పుట్టిన బార్బర్టన్ 50 కిలోమీటర్లు కూడా ఉండదు. అందుకే దాని తరఫున నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

1884లో ఈ కొండల్లో బంగారం వేట జోరుగా సాగుతున్నప్పుడు రాబర్ట్ జేమ్సన్ అనే ఆయన కంట పడిందీ మొక్క. అందుకే శాస్త్రీయ నామం జెర్బెరా జేమ్సోనీ. ఇక్కడివాళ్ళు బార్బర్టన్ డైసీ అంటారు. కేప్‌టౌన్‌లోని వృక్షశాస్త్రవేత్త హ్యారీ బోలస్ దీన్ని లండన్‌లోని క్యూ వృక్షశాస్త్ర తోటకు పంపితే, 1889లో బొమ్మతో సహా అక్కడి వృక్షశాస్త్ర పత్రికలో అచ్చయింది. ఆ తర్వాత కేంబ్రిడ్జి తోటలో లించ్ అనే ఆయన దీన్ని ఇంకో ఆఫ్రికా జెర్బెరాతో సంకరం చేశాడు. నువ్వు చూసిన గులాబీ, పసుపు, తెలుపు రంగులన్నీ ఆ సంకరాల సంతతే. అడవిదానికి అన్ని వేషాలు లేవు. నారింజ కలిసిన ఎరుపు, అంతే.

మొక్కకు పైకి కనిపించే కాండం ఉండదు. చీలికలు చీలికలుగా ఉన్న జానెడు ఆకులు నేలనుంచే చుట్టూ పరుచుకుంటాయి. లేత ఆకు తిప్పి చూస్తే అడుగున తెల్లటి నూగు, వేలితో రాస్తే ఊడొస్తుంది. మధ్యలోంచి ఆకన్నదే లేని కాడ అడుగుకు అటూ ఇటూ లేచి, చివర ఒక్క పువ్వు పూస్తుంది.

ఒక్క పువ్వు అన్నాను గానీ అది పూలగుంపు. పొద్దుతిరుగుడు, చామంతి కుటుంబమే కదా. కొట్టులో ఒకటి కొని, అంచునున్న ఒక రేకను మొదలంటా పీకి చూడు. కింద చిన్న అండాశయం, దాని మీద సన్నటి వెంట్రుకల కుచ్చు, మధ్యలోంచి పుప్పొడి అందుకునే కీలాగ్రం. మనం రేకు అనుకునేదే పూర్తిగా ఒక ఆడపువ్వు. రేకకు ఎదురుగా లోపలివైపు దారప్పోగుల్లాంటివి రెండు చుట్టుకుని ఉంటాయి, రేక ఒక పెదవి అయితే అవి రెండో పెదవి. చామంతిలో ఎంత వెతికినా అది దొరకదు. నా భూతద్దం టేబుల్ సొరుగులో ఉంది, తీసుకో. గింజ ముదిరాక ఆ కుచ్చే గొడుగై గాలికి ఎగిరిపోతుంది.

పుట్టుక చూస్తే ఇక్కడి ఎంపుమలాంగా, లింపోపో రాష్ట్రాలు, పక్కనే ఎస్వాటినీ. గడ్డి మధ్య, రాళ్ళ సందుల్లో, కాస్త చెట్టునీడ తగిలే చోట, వాననీరు నిలవకుండా జారిపోయే ఇసుకనేలలో ఉంటుంది. వానలు ఎండాకాలంలోనే పడతాయి ఇక్కడ, చలికాలం పొడి. చేవెళ్ల వైపు పాలీహౌస్ రైతులు ఎత్తు మడులు కట్టి, దుబ్బు మొదలు మట్టిలో కూరుకుపోకుండా నాటేది ఇందుకే. మొదలు తడిలో ఉంటే కుళ్ళిపోతుంది.

దీని చుట్టం ఒకటి, హిల్టన్ డైసీ, ఇక్కడి క్వాజులు-నాటాల్ రాష్ట్రంలో పొగమంచు కమ్మే కొండల గడ్డిలో ఉంటుంది. ఆ గడ్డినేలలు కలప తోటలకూ చెరకుకూ పోయి, ఇప్పుడది అంతరించే ప్రమాదంలో పడింది. పెళ్ళిపందిళ్ళలో జెర్బెరా టన్నులకొద్దీ కనిపిస్తుంటే అక్కడ దాని చుట్టానికి చోటు లేకుండా పోతోంది, చూడు.

అమ్మ బంతిపూలే మన సంప్రదాయం అంటుందని తెలుసు. బంతి కూడా మెక్సికో నుంచి వచ్చిందేనని నేను చెప్పినట్టు చెప్పకు.

జెర్బెరా కొంటే రేకలు ఒత్తుగా లేని సింగిల్ రకంలో ఎరుపుది ఇమ్మని అడుగు, అడవిదానికి కాస్త దగ్గరగా ఉంటుంది. వాజులో నీళ్ళు మూడు వేళ్ళ ఎత్తుకు మించి పొయ్యకు. కాడంతా నూగు కదా, నిండా మునిగితే రెండ్రోజుల్లో మెత్తబడి తల వాల్చేస్తుంది.

మీ నాన్న