ఇంటి తగాదాలు దావాకు ముందే తేలాలి
తండ్రి పోయాక ఉమ్మడి ఇంటి కోసం తోబుట్టువులు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగడం కడపలో తరచూ కనిపిస్తున్న బాధాకరమైన విషయం. మా వీధిలో భాగపరిష్కారం తెగక తాళం పడిన ఒక పాత మట్టిమిద్దె, బాగుచేసేవారు లేక వానలకు నాని, నిరుడు ఒక పక్క గోడ కూలిపోయింది. భర్త ఆస్తిలో తానూ వారసురాలైన ఆ ఇంటి తల్లి ఇప్పుడు అద్దె గదిలో ఉంటోంది. పెళ్లికి కట్నం ఇచ్చామంటూ కూతురి చేత హక్కు విడుదల పత్రంపై సంతకం పెట్టించుకోబోవడం దగ్గరే అక్కడ గొడవ మొదలైంది. 2005 హిందూ వారసత్వ సవరణ చట్టం ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారుడితో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చిందని, ఆనాటికి తండ్రి జీవించి లేకపోయినా అది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2020లో తేల్చిచెప్పినా, ఆ సంగతి చాలా ఇళ్లకు ఇంకా చేరలేదు. తహసీల్దారు కార్యాలయం కుటుంబ సభ్యుల ధ్రువపత్రం ఇచ్చేటప్పుడే ఈ హక్కులను తెలుగులో వివరించే కరపత్రం అందించాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ అలాంటి కుటుంబాలను దావా పడకముందే లోక్ అదాలత్‌కు పిలవాలి. అక్కడ కోర్టు ఫీజు ఉండదు, కుదిరిన రాజీకి కోర్టు తీర్పుతో (డిక్రీతో) సమానమైన విలువ ఉంటుంది.
– ఒక పాఠకుడు, కడప