కార్బన్ అని చెప్పి అమ్మిన ఫిషింగ్ రాడ్‌పై ఫిర్యాదు

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

నమస్కారం.

మీ కంపెనీ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న 8 అడుగుల స్పిన్నింగ్ రాడ్‌ను రూ. 3,450 పెట్టి కొన్నాను. బిల్లు జతపరుస్తున్నాను. రాడ్ మీద "100 శాతం కార్బన్, మీడియం హెవీ, ఫాస్ట్ యాక్షన్, లైన్ 10–20 పౌండ్లు, ఎర 10–40 గ్రాములు, బరువు 165 గ్రాములు" అని అచ్చు వేశారు. ఇందులో కార్బన్ అన్న మాట, బరువు గురించిన మాట నిజం కావు. ఫోన్‌లో చెబితే మీవాళ్లు తప్పు నామీదకే నెట్టారు కాబట్టి అన్నీ వివరంగా రాస్తున్నాను.

యానాం దగ్గర గౌతమి పాయలో పండుగప్ప కోసం ఈ రాడ్ వాడాను. పండుగప్ప ఎర అందుకోగానే తల విదిలిస్తుంది, నీళ్లపైకి ఎగురుతుంది, వెంటనే రాళ్ల సందుల్లోకో వంతెన స్తంభాల వైపో లాగుతుంది. అక్కడిదాకా పోనిచ్చామంటే లైన్ రాసుకుని తెగుతుంది. అందుకే దీనికి కొస మాత్రమే వంగి, కింది సగం గట్టిగా నిలబడి చేపను పక్కకు తిప్పగలిగే రాడ్ కావాలి. మీడియం హెవీ, ఫాస్ట్ యాక్షన్ అని మీరు రాసింది చూసే దీన్ని ఎంచుకున్నాను. దానికి 15 పౌండ్ల లైన్ వేసి, స్ప్రింగ్ కాటాతో లాగి చూసుకుని డ్రాగ్‌ను, అంటే రీల్ బిగువును, 2 కిలోల దగ్గర పెట్టాను. చేప అంతకుమించి లాగితే రీల్ దారం వదిలేస్తుంది, రాడ్ మీద భారం పెరగదు. చేప పడింది. డ్రాగ్ తిరుగుతోంది, లైన్ బాగానే ఉంది. అంతలో రెండు ముక్కలు కలిసే అతుకుకు జానెడు పైన రాడ్ ఫట్‌మని విరిగింది.

విరిగిన చోటు ఒకసారి చూడండి, ఫొటోలు పంపుతున్నాను. పైన గోటితో గీకితే లేచిపోయేంత పల్చని నల్లటి పొర ఉంది. దాని లోపల గోడ మందమంతా తెల్లటి పోగులు, కొబ్బరి పీచులా విడిపోయి బయటికి పొడుచుకొచ్చాయి. అది ఫైబర్ గ్లాస్. మంచి కార్బన్ రాడ్‌లలో కూడా బలం కోసం లోపల ఒక పల్చటి గ్లాస్ పొర వేస్తారని నాకు తెలుసు. ఇక్కడ ఉన్నది దానికి పూర్తిగా తలకిందులు. అనుమానంతో మా వీధి కిరాణా కొట్టులో ఎలక్ట్రానిక్ కాటా మీద రెండు ముక్కలూ కలిపి తూచాను. 238 గ్రాములు వచ్చింది. మీరు రాసిన 165కు, దీనికి పొంతనే లేదు.

మీ కస్టమర్ కేర్ ఇచ్చిన జవాబు ఇంకా బాధ కలిగించింది. "రాడ్ మీద 20 పౌండ్లు అని ఉంది కదండీ, అంతకంటే పెద్ద చేప పడి ఉంటుంది, అది మా బాధ్యత కాదు" అన్నారు. ఆ చేప నా కంటికే కనబడలేదు, దాని బరువు వాళ్లకెలా తెలిసింది? అసలు రాడ్ మీద రాసే పౌండ్లు చేప బరువు కానే కాదు. ఎంత బలమున్న లైన్ వాడొచ్చో చెప్పే లెక్క అది. డ్రాగ్ సరిగ్గా పెట్టుకుంటే అదే లైన్ మీద అంతకంటే బరువైన చేపను కూడా అలసిపోయేదాకా ఆడించి ఒడ్డుకు తేవచ్చు. నిలువుగా ఎత్తి లాగి ఉంటారని కూడా అన్నారు. అలా లాగితే సాధారణంగా కొస దగ్గర విరుగుతుంది, అతుకు దగ్గర కాదు. రాడ్‌లు అమ్మేచోట ఫోన్ ఎత్తేవాళ్లకు ఈపాటి శిక్షణ తప్పకుండా ఇవ్వాలి.

ఫైబర్ గ్లాస్‌ను నేను తక్కువ చేయడం లేదు. అది బరువుగా ఉంటుంది గానీ మొండిది, దెబ్బలకు ఓర్చుకుంటుంది. చెరువు గట్టున కూర్చుని బొచ్చె కోసం పిండి ముద్ద వేసేవాళ్లకు, కొత్తగా నేర్చుకునే పిల్లలకు నేనే గ్లాస్ రాడ్ కొనమని చెబుతాను. దాన్ని గ్లాస్ అనే చెప్పి, ఆ ధరకే అమ్మండి. రోజంతా ఎర విసిరేవాడు తేలిక కోసం, కొస మీద చేప తాకిడి చేతికి తెలియడం కోసం కార్బన్‌కు ఎక్కువ డబ్బు పెడతాడు. మా గోదావరి జిల్లాల్లో రాడ్‌ను చేత్తో పట్టుకుని, వంచి చూసి కొనుక్కునే దుకాణాలు చాలా తక్కువ. కుర్రాళ్లంతా ఫోన్‌లో చూసే ఆర్డర్ పెడుతున్నారు. వాళ్లకు ఆధారం మీరు రాసిన ఆ ఒక్క వాక్యమే.

రాడ్ మీద లైన్ దూరిపోయే రింగుల సంగతీ చెప్పాలి. కొస రింగులో పింగాణీ వలయానికి వెంట్రుకంత పగులు ఉంది. కంటికి సరిగ్గా ఆనదు గానీ, దూది ఉండను లోపల తిప్పితే పోగులు అక్కడ పట్టుకుంటున్నాయి. లైన్ రోజూ ఆ అంచు మీదే నడుస్తుంది.

పెట్టె మీద ఏ దేశంలో తయారైందో, దిగుమతి చేసింది ఎవరో లేదు. దిగుమతి చేసిన ప్యాకెట్ సరుకుల మీద ఈ వివరాలు తప్పనిసరి అని 2011 నాటి లీగల్ మెట్రాలజీ నిబంధనలు చెబుతున్నాయి. కరెంటు తీగల గురించి హెచ్చరిక కూడా లేదు. కార్బన్ గుండా కరెంటు ప్రవహిస్తుంది. మా కాలువ గట్ల వెంబడి చాలాచోట్ల 11 కేవీ లైన్లు తల మీదుగా పోతుంటాయి. ఉరుములు మెరుపుల్లో గానీ, తీగల కింద గానీ రాడ్ ఎత్తకూడదని తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాయండి. నా డబ్బుల విషయం ఎలా ఉన్నా ఈ పని మాత్రం వెంటనే చేయమని చేతులు జోడించి అడుగుతున్నాను.

నా రూ. 3,450 పూర్తిగా వాపసు ఇవ్వాలి. వేరే రాడ్ గానీ, డిస్కౌంట్ కూపన్ గానీ నాకొద్దు. ఈ మోడల్ అమ్మకం ఆపి, దేంతో తయారైందో, బరువెంతో సరిచేసి మళ్లీ పెట్టాలి. ఇప్పటికే కొన్నవాళ్లకు ఆ సంగతి మెసేజ్ ద్వారా తెలపాలి.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో మీరు తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. అలా జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద జిల్లా కమిషన్‌కు వెళతాను. పరీక్షకు రాడ్ కావాలంటే కొస ముక్కను మీ ఖర్చుతో కొరియర్ పెట్టి తీసుకెళ్లండి. కింది ముక్క మాత్రం నా దగ్గరే ఉంటుంది. కమిషన్ ల్యాబ్‌కు పంపమంటే దాన్ని అప్పగిస్తాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారు,
ధవళేశ్వరం

జతపరిచినవి: బిల్లు నకలు, విరిగిన చోటు ఫొటోలు, కాటా మీద తూకం ఫొటో, పెట్టె నాలుగు వైపుల ఫొటోలు