బ్రేకు పక్కకు గుంజితే అలైన్‌మెంట్ కాదు, ముందు చక్రం విప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం.

బ్రేకు వేస్తే కారు ఒక పక్కకు గుంజుతోందని మిర్యాలగూడలో ఎవరితో అన్నా ఒకటే జవాబు: "అలైన్‌మెంట్ చేయించు." అంటే చక్రాల కోణాలు సరిచేయించమని. ఆర్టీసీ డిపో గ్యారేజీలో బస్సుల కింద పడుకుని రిటైరైనవాణ్ని, ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. బ్రేకు మీద కాలు పెట్టకుండానే బండి పక్కకు పోతుంటే టైర్లలో గాలి తేడా కావచ్చు, అలైన్‌మెంటూ కావచ్చు. కానీ అప్పటిదాకా తిన్నగా పోయిన బండి, బ్రేకు తొక్కగానే స్టీరింగును చేతుల్లోంచి గుంజుకుంటోందంటే ముందు అనుమానించాల్సింది బ్రేకులనే. చక్రాలను పట్టి ఉంచే సస్పెన్షన్‌లోని రబ్బరు బుష్‌లు అరిగినా ఒక్కోసారి ఇలా చేస్తుంది. అది తర్వాత చూసుకోవచ్చు.

మా బావమరిది కారు ఎడమకు గుంజేది. ఊళ్లో ఒక షాపులో అలైన్‌మెంట్ చేశారు, తగ్గలేదు. మళ్లీ తీసుకుపోతే ఎడమ చక్రం విప్పి, ఆ ఒక్క పక్కకే కొత్త బ్రేకు ప్యాడ్లు (చక్రంతో తిరిగే డిస్కును రెండు వైపులా నొక్కి ఆపే పలకలు) వేసి పంపారు. ఎడమకు గుంజుతోంది కాబట్టి లోపం ఎడమ పక్కనే ఉందని వాళ్ల లెక్క. గుంజుడు ఇంకా పెరిగింది. ఎక్కువసార్లు జరిగేదేమిటంటే ఎడమ బ్రేకు తన పని తాను చేస్తుంటుంది, కుడిదే సరిగ్గా పట్టదు. ట్రాక్టర్ నడిపినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. పొలంలో మూల తిప్పేటప్పుడు ఒక్క పెడలే తొక్కుతాం, బండి ఆ పక్కకే తిరుగుతుంది. అందుకే రోడ్డెక్కే ముందు రెండు పెడళ్లనూ కలిపి లాక్ వేస్తాం. ఒక పక్క బ్రేకు పట్టని కారు, లాక్ వేయకుండా రోడ్డెక్కిన ట్రాక్టరే.

కుడి చక్రం మా ఇంటి ముందే విప్పాం. లోపలి ప్యాడు రేకు దాకా అరిగిపోయింది, బయటి ప్యాడు మాత్రం కొత్తదానిలా మందంగా ఉంది. ఈ తేడా కనబడిందంటే కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే బిగింపు) జరగడం లేదని చాలావరకు తేలిపోయినట్టే. మన చిన్న కార్లలో పిస్టన్ లోపలి పక్కనే ఉంటుంది. అది లోపలి ప్యాడును నెట్టగానే కాలిపర్ రెండు పిన్నుల మీద జారి, బయటి ప్యాడును కూడా డిస్కుకు నొక్కాలి. ఇక్కడ కింది పిన్ను రబ్బరు బూటు చిరిగి, లోపలికి నీళ్లూ బురదా పోయి, తుప్పుతో బిగుసుకుపోయింది. పెనిట్రేటింగ్ ఆయిల్ కొట్టి, నానబెట్టి, సుత్తితో మెల్లగా తట్టితే గానీ ఊడిరాలేదు. పై పిన్నుకు ఎవరో మామూలు బేరింగ్ గ్రీసు పూశారు. ఆ గ్రీసుకు రబ్బరు ఉబ్బి పిన్నును పట్టేసుకుంది. అక్కడ వాడాల్సింది బ్రేకు పిన్నుల కోసం అమ్మే సిలికాన్ గ్రీసు. పిన్నులూ బూట్లూ కొత్తవి వేశాం. చేత్తో నెడితే కాలిపర్ జారుతోందని చూసుకున్నాకే ప్యాడ్లు ఎక్కించాం, అదీ రెండు పక్కలకూ. డిపోలో ఒక పక్క లైనింగ్ మారిస్తే రెండో పక్కా మార్చాల్సిందే, దీనికి వాదన ఉండేది కాదు. పిన్నులకూ గ్రీసుకూ అయిన ఖర్చు ఆ అలైన్‌మెంట్ బిల్లులో సగం కూడా లేదు.

ఇలాంటి కార్లు మా దగ్గర చాలా ఉన్నాయి. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో, కారేమో కవరు కప్పుకుని ఇంటి ముందు. దసరాకో సంక్రాంతికో తీస్తారు, పొలం దాకా బురదలో తిప్పి తెచ్చి మళ్లీ కవరు కప్పుతారు. కదలకుండా ఉన్న బండికే ఈ పిన్నులు, పిస్టన్లు తొందరగా బిగుసుకుంటాయి. బ్రేకాయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి కారు తిరిగినా తిరగకపోయినా రెండేళ్లకోసారి మార్చాలి. ఏది పోయాలో బానెట్ కింద ఉన్న బ్రేకాయిల్ డబ్బా మూత మీదే రాసి ఉంటుంది, డాట్ 3 అనో డాట్ 4 అనో. చక్రానికి బ్రేకాయిల్ తీసుకుపోయే రబ్బరు హోస్ పైపు పాతబడితే అది ఇంకో దొంగ. పైకి బాగానే కనిపిస్తుంది, లోపల ఉబ్బి దారి మూసుకుపోతుంది. కాలితో తొక్కితే ఆయిల్ పోతుంది గానీ తిరిగి రాదు, దాంతో ఆ చక్రం బ్రేకు పట్టుకునే ఉంటుంది. అలా పట్టుకున్న చక్రాన్ని వేడే పట్టిస్తుంది. బ్రేకు పెద్దగా వాడకుండా కొంత దూరం నడిపి ఆపి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి దూరంగా పెట్టి చూడండి (తాకొద్దు, కాలుతుంది). ఒక్కటే మండుతుంటే, మాడు వాసన వస్తుంటే అదే. వెనక డ్రమ్ము బ్రేకులో వీల్ సిలిండర్ (షూలను డ్రమ్ముకు నెట్టేది) కారి, ఆ షూలు తడిస్తే, వాటిని పెట్రోల్‌తో కడిగి ఎమిరీ పేపర్ రుద్ది మళ్లీ బిగించే మెకానిక్‌లున్నారు. ఒప్పుకోవద్దు. సిలిండరూ మార్చాలి, రెండు పక్కలా షూలూ మార్చాలి. టైరు లోపలి వైపు ఆయిల్ తడి కనిపిస్తే ఆ కారును షెడ్డుకు కూడా నడుపుకుంటూ పోవద్దు.

పరీక్ష చేసేది ఖాళీగా, చదునుగా ఉన్న రోడ్డు మీద. నలభై స్పీడులో, స్టీరింగు వదులుగా పట్టుకుని, మెల్లగా తొక్కితే చాలు. కోతల కాలంలో హాలియా వైపు రోడ్ల మీద ఒక పక్కంతా వడ్లే. ఎడమ చక్రాలు వడ్ల మీద, కుడి చక్రాలు తారు మీద ఉన్నప్పుడు బ్రేకు తొక్కితే మంచి బండి కూడా తారు వైపే గుంజుతుంది. రైతును తిట్టడానికి రాయడం లేదు, సరిపడా కల్లాలు ఉంటే ఎవరూ వడ్లను రోడ్డుకు తేరు. ఏబీఎస్ ఉందిగా అంటారు కొందరు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరే. కానీ ఏబీఎస్ చక్రం లాక్ కాకుండా చూస్తుంది, బిగుసుకుపోయిన పిన్నును వదులు చేయదు.

లారీలు, బస్సులకు ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. సొంత కారు బ్రేకులను మాత్రం రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు నిండేదాకా ఏ అధికారీ చూడడు. జనవరిలో రోడ్డు భద్రతా మాసోత్సవాలకు హెల్మెట్ ర్యాలీలు, డ్రైవర్లకు కంటి పరీక్షలు పెడుతున్నారు, మంచిదే. వాటితో పాటు సొంత కార్ల బ్రేకులు చూసే శిబిరం కూడా పెట్టాలని జిల్లా రవాణా అధికారులను కోరుతున్నాను. ఏ చక్రానికి బ్రేకు ఎంత పడుతోందో విడివిడిగా చూపించే రోలర్ యంత్రం పెడితే మరీ మంచిది. లేకపోతే జాకీ పెట్టి ముందు చక్రాలు రెండూ విప్పి చూసినా చాలు. శివరాత్రికి ఇక్కడి నుంచి దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం పోయే కార్లు తక్కువేం కాదు. ఈగలపెంట దాటాక డ్యామ్ దాకా ఘాట్ దిగుడే. ఆ లోపే ఒక ఆదివారం ఈ పని పెట్టించండి. స్పానర్లు పట్టుకుని రావడానికి మాలాంటి రిటైర్డ్ మెకానిక్‌లు ఊళ్లో చాలామందిమే ఉన్నాం, కూలి అక్కర్లేదు.

– ఒక ఆర్టీసీ విశ్రాంత మెకానిక్, మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా