నిడివి గల పాటలకూ శ్రోతలున్నారు

సంపాదకులకు,

ఆర్యా,

మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన సంగీత వ్యాసంలో, రీళ్ల కాలంలో మూడు నిమిషాలు దాటిన పాటను ఓపిగ్గా వినేవారు కరువయ్యారని, ఆల్బమ్‌కు కాలం చెల్లిందని రచయిత తేల్చేశారు. సినిమా పాటల వరకు అది కొంత నిజం కావచ్చు గానీ, సుదీర్ఘమైన, మలుపులు తిరిగే పాటలకు పేరుపడ్డ ప్రోగ్రెసివ్ రాక్‌లో ఈ మధ్య వెలువడిన ఆల్బమ్‌లను చూస్తే ఆ తీర్పు నిలవదు.

2025 మార్చిలో విడుదలైన ఇంగ్లండ్ సంగీతకారుడు స్టీవెన్ విల్సన్ ఆల్బమ్ ‘ది ఓవర్‌వ్యూ’లో ఉన్నవి రెండే పాటలు, ఒకటి సుమారు 23 నిమిషాలు, రెండోది 18. అంతరిక్షం నుంచి భూమిని చూసిన వ్యోమగాముల మనఃస్థితి దీని ఇతివృత్తం. మొదటి పాటలో ఇంగ్లండ్ గీత రచయిత ఆండీ పార్ట్‌రిడ్జ్ సాహిత్యం అందించిన భాగంలో, బాకీలు తీర్చలేక కన్నీళ్లు పెట్టుకునే కారు డ్రైవరూ, ఎవరి చెవినా పడకుండా మాయమయ్యే సూర్యుడూ ఒకే వరసలో వచ్చిపోతారు. రెండో పాట ఆరంభంలో ఒక స్త్రీ గొంతు ఖగోళ పరిమాణాలను, దూరాలను ఏ ఉద్వేగమూ లేకుండా చదువుతూ పోతుంది, కింద ఎలక్ట్రానిక్ లయ నడుస్తూనే ఉంటుంది. ఇందులోంచి అర నిమిషం ముక్క కోసి రీలుకు తగిలిస్తే, ఆ అంకెలు పెరుగుతూ పోవడం వల్ల కలిగే దిగులు శ్రోతకు అందనే అందదు.

స్వీడన్ బృందం ఓపెత్ 2024 నవంబరులో తెచ్చిన ఆల్బమ్‌లో, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి కాలంలో ఒక సంపన్న కుటుంబ పెద్ద రాసిన వీలునామాను వారసుల ముందు చదువుతారు. అందుకే మొదటి ఏడు పాటలకు పేర్లు లేవు, దస్తావేజులో ఉన్నట్టు పేరా సంఖ్యలే ఉన్నాయి. 2008 తర్వాత తమ ఆల్బమ్‌లలో పక్కన పెట్టిన గర్జన గాత్రాన్ని గాయకుడు ఈ కథ కోసం మళ్లీ ఎత్తుకున్నారు; జెత్రో టల్ బృందానికి చెందిన ఇయాన్ ఆండర్సన్ వేణువు, వ్యాఖ్యానం అదనపు ఆకర్షణ. డ్రమ్మర్ మైక్ పోర్ట్‌నాయ్ తిరిగొచ్చాక అమెరికా బృందం డ్రీమ్ థియేటర్ 2025 ఫిబ్రవరిలో విడుదల చేసిన ‘పారాసోమ్నియా’లో చివరి పాట 19 నిమిషాలు దాటింది. అందులో వేళ్ల నైపుణ్యం భావాన్ని కొన్నిచోట్ల మింగేసిందన్నది నా అభిప్రాయం.

రాగం తానం పల్లవిని గంటసేపు కదలకుండా వినే రసికులున్న మన భాషలో నిడివిని లోపంగా చూడటం విడ్డూరం. బెంగళూరు బృందం అగమ్ త్యాగరాజు ‘బంటురీతి కొలువు’ను ఇదే రాక్ పద్ధతిలో వినిపించినా, మన సంగీత పేజీల్లో అలాంటి ప్రయత్నాలపై చర్చ అరుదు.

నెలకొకసారైనా ఇటువంటి ఆల్బమ్‌లపై అర పేజీ సమీక్ష వేయాలని, దాన్ని కంపెనీ పంపిన ప్రకటన చూసి కాక, ఆల్బమ్‌ను మొదటి నుంచి చివరి దాకా విన్నవారి చేత రాయించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
హనుమకొండ