మేయర్ల బోర్డు మీద కనపడని ఏళ్లు

సంపాదకుడు గారికి,

నమస్కారం. కార్పొరేషన్ పాలకవర్గం గడువు ముగిసింది, దాని స్థానంలో ప్రభుత్వ అధికారి అయిన స్పెషలాఫీసర్‌ని వేశారు, ఎన్నికలు ఎప్పుడో తెలీదు... ఇలాంటి వార్త పేపర్లో చూసినప్పుడల్లా నాకు ఒక టేకు బోర్డు గుర్తుకొస్తుంది. నేను ఒక కార్పొరేషన్‌లో (ఏ ఊరో ఎందుకులెండి) గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. ఆ బోర్డు మా మేయర్ చాంబర్ గోడకు ఉండేది. వరస నంబరు, పేరు, ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు. కొత్త మేయర్ ప్రమాణం చేసిన వారంలోగా పెయింటర్ని పిలిపించి పసుపు రంగుతో పేరు రాయించడం మా సెక్షన్ పని. ఇంటిపేరు పొడి అక్షరాల్లో తేడా వస్తే పెద్ద రగడ. అందుకని ముందే తెల్లకాగితం మీద రాసి, ఆయన చేతే సరిచూయించి, సంతకం తీసుకునేవాణ్ణి.

ఆ బోర్డు చూస్తే ఒకరు దిగగానే ఇంకొకరు ఎక్కారనిపిస్తుంది. పేరు కింద పేరు, మధ్యలో వేలెడు జాగా కూడా ఉండదు. తేదీల మధ్య తేడా లెక్కేసి చూస్తేనే, ఏళ్లకేళ్లు ఆ కుర్చీలో ఎవరూ లేరన్న సంగతి బయటపడుతుంది. స్పెషలాఫీసర్ల పేర్లు ఆ బోర్డుకెక్కవు. ఆ రోజుల్లో చాంబర్‌కి తాళం. అటెండర్ వారానికోసారి తెరిచి ఊడ్చి, కుర్చీ మీది తువ్వాలు దులిపి మళ్లీ తాళం వేసేవాడు. ఒక ఏడాది స్టోర్ రూమ్ కారుతోందని పాత ఓటర్ల జాబితాల కట్టలు తెచ్చి అందులోనే పెట్టాం. మేయర్ లేని మేయర్ గదిలో ఓటర్ల జాబితాలు! అప్పుడు నవ్వుకున్నాం గానీ, నవ్వాల్సిన విషయం కాదది.

ఇది మా ఒక్క ఊరి ముచ్చట కాదు. విశాఖలో 2007లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2012 ఫిబ్రవరిలో తీరిపోతే, మళ్లీ ఓట్లు పడింది 2021 మార్చిలో. 2012లో నాలుగో తరగతి చదువుతున్న పిల్ల 2021 నాటికి తనే ఓటుకొచ్చింది. హైదరాబాద్‌లో 1986లో ఎన్నికలు జరిగాక మళ్లీ జరిగింది 2002లో. ఈ రెండు వ్యవధులకూ ఏదో ఒక కారణం చెప్పే ఉంటారు. వార్డుల విభజన, గ్రామాల విలీనం, రిజర్వేషన్లు, కోర్టు కేసులు, ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. కానీ 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. పాలకవర్గానికి ఐదేళ్లు, అంతకు మించి వద్దు, ఆ ఐదేళ్లు నిండకముందే ఎన్నికలు ముగించాలి అని అందులో స్పష్టంగా ఉంది. అసెంబ్లీకి ఒక నెల ఆలస్యమైతే దేశమంతా గగ్గోలు పెడతాం. కార్పొరేషన్‌కి తొమ్మిదేళ్లు ఆలస్యమైతే చెత్తబండి వస్తోందా రాలేదా అని చూసి ఊరుకుంటాం.

ఇప్పుడు ఒక మనిషి గురించి చెప్పాలి. హైదరాబాద్ మేయర్ల జాబితాలో మొదటి పేరు మాడపాటి హనుమంతరావు పంతులు గారిది. 1951 నుంచి 1954 దాకా ఆయన మేయర్. హైదరాబాద్ రాష్ట్రంలో ప్రజలు ఎన్నుకున్న ముఖ్యమంత్రిగా బూర్గుల రామకృష్ణారావు గారు వచ్చింది 1952లో. అంటే ఎన్నికైన ముఖ్యమంత్రి కంటే ముందే మేయర్ కుర్చీ నిండిందన్న మాట.

పంతులు గారు 1885లో కృష్ణా జిల్లా పొక్కునూరులో పుట్టారు. చిన్నప్పుడే మేనమామ దగ్గరికి నైజాం వైపు వచ్చి సూర్యాపేటలో, హనమకొండలో చదువుకున్నారు. ఉర్దూ, ఫారసీ బాగా వచ్చు. సర్కారు నౌకరీ చేశారు, తర్వాత వకీలు అయ్యారు. 1921లో హైదరాబాద్ వివేకవర్ధిని థియేటర్లో ఒక సంస్కరణ సభ జరిగింది. అక్కడ అల్లంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే జనం ఈలలు, కేకలతో కూర్చోబెట్టేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్రజనసంఘం పుట్టింది. దాన్ని ఊరూరా నిలబెట్టిన వాళ్లలో పంతులు గారు ముందుంటారు. 1928లో నారాయణగూడలో ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పే బడి పెట్టారు. మా అమ్మ ఆ బళ్లో రెండేళ్లు చదివింది. పలక పట్టుకుని తల వంచుకుని వెళ్లేవాళ్లమని, పంతులు గారు వరండాలో ఎదురైతే పక్కకు జరిగి నిలబడేవాళ్లమని చెప్పేది. ఆ సంఘమే తర్వాత ఆంధ్రమహాసభ అయింది; 1935లో సిరిసిల్ల సభకు ఆయన అధ్యక్షుడు. ఇన్ని పనులయ్యాక, 66 ఏళ్ల వయసులో మేయర్ అయ్యారు. తర్వాత శాసనమండలి అధ్యక్షుడిగా చేసి, 1970లో కన్నుమూశారు.

ఇప్పటి వాళ్లు అందరూ చెడ్డవాళ్లు, ఆ కాలం వాళ్లు దేవుళ్లు అనడం నా ఉద్దేశం కాదు. నేను చూసిన మేయర్లలో పొద్దున ఆరింటికే వార్డుల్లోకి వెళ్లినవాళ్లు కూడా ఉన్నారు. తేడా ఎక్కడుందంటే, ఆయన ఊరికి చేయాల్సింది చాలావరకు చేసి ఆ కుర్చీలోకి వచ్చారు. ఇప్పుడు ఆ కుర్చీ ఎక్కేది ఎమ్మెల్యే టికెట్టు కోసం. తప్పు వాళ్లది మాత్రమే అననండీ. కుర్చీలో పని లేకపోతే మనిషి పక్క కుర్చీ వైపే చూస్తాడు.

మేయర్ చేతిలో ఏముందో జనానికి సరిగ్గా తెలీదు. ఒకసారి ఒక పెద్దావిడ డ్రైనేజీ పొంగి ఇంట్లోకి వస్తోందని అర్జీ తెచ్చింది. మేయర్ గారు కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించి, అర్జీ మూలన "కమిషనర్ గారికి, తగు చర్య నిమిత్తం" అని రాసి సంతకం పెట్టారు. అది తపాల్ సెక్షన్‌కి వెళ్లి నంబరు పడింది. పదిహేను రోజుల తర్వాత ఆవిడ మళ్లీ వచ్చింది. ఆయన మళ్లీ అదే మాట రాశారు. అంతకు మించి ఆయన చేయగలిగింది లేదు. 1955 నాటి హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ల చట్టంలో అమలు అధికారం కమిషనర్‌ది. ఆ చట్టాన్నే విశాఖ, విజయవాడలకూ వర్తింపజేశారు. కమిషనర్‌ని వేసేది, బదిలీ చేసేది రాష్ట్ర ప్రభుత్వం. రాజ్యాంగం పన్నెండో షెడ్యూల్లో 18 అంశాలు పట్టణ సంస్థలకని రాశారు. కానీ హైదరాబాద్‌లో నీళ్లు జలమండలివి, ప్లానింగ్‌లో పెద్ద వాటా మహానగర అభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏది. మేయర్‌కి మిగిలింది కౌన్సిల్ మీటింగు, రిబ్బను, తిట్లు. పైగా మేయర్ని ఎన్నుకునే రోజున ఎక్స్‌అఫీషియో (పదవి రీత్యా సభ్యులు) పేరుతో ఎమ్మెల్యేలు, ఎంపీలు కూడా వచ్చి ఓటేస్తారు. వార్డు ఓటరు ఇచ్చిన తీర్పు ఆ ఒక్క పూటలో తారుమారైనా దిక్కులేదు.

2002లో హైదరాబాద్ మేయర్ని జనమే నేరుగా ఎన్నుకున్నారు. ఆ పద్ధతి తర్వాత పోయింది. మళ్లీ తేవాలని కొందరంటారు. తెస్తే నాకు అభ్యంతరం లేదు గానీ, అధికారం ఇవ్వకుండా నేరుగా ఎన్నుకుంటే పది లక్షల మంది ఓటేసిన మనిషి కూడా "తగు చర్య నిమిత్తం" అనే రాయాల్సి వస్తుంది.

ఒకప్పుడు ఇది చిన్న పదవి కాదు. ప్రకాశం పంతులు గారు రాజమండ్రి మున్సిపల్ చైర్మన్‌గా చేశారు. పటేల్ అహ్మదాబాద్ మున్సిపాలిటీని నడిపారు. 1981లో విశాఖ మొదటి మేయర్ బీజేపీ నుంచి, విజయవాడ మొదటి మేయర్ సీపీఐ నుంచి వచ్చారు. అప్పుడు రాష్ట్రంలో ఉన్నది కాంగ్రెస్ ప్రభుత్వం. ఊరు తన మనిషిని తను ఎంచుకోగలదనడానికి అంతకంటే ఏం కావాలి? నాకైతే ఎన్నికలు వాయిదా పడడానికి ఇలా వేరే పార్టీ మనిషి గెలుస్తాడన్న ప్రభుత్వాల భయమే ఒక కారణమేమో అనిపిస్తుంది.

మీ పత్రికను ఒకటి కోరుతున్నాను. గడువు ముగిసిన ప్రతి కార్పొరేషన్ పేరు పక్కన, ఎన్నికలు లేకుండా ఎన్ని రోజులైందో ఆ అంకె రోజూ వేయండి. బంగారం ధర వేసే చోటే వేసినా చాలు.

రిటైరయ్యే ముందు నేనూ ఒక ప్రయత్నం చేశాను. బోర్డు మీద రెండు పేర్ల మధ్య ఒక గీత గీసి, "స్పెషలాఫీసర్ పాలన" అని తేదీలతో సహా రాయించడానికి అనుమతి కోరుతూ నోట్ పెట్టాను. పెయింటర్‌ ఖర్చు కూడా చూపించాను. నాలుగు రోజులకు ఫైలు తిరిగొచ్చింది. "అవసరం లేదు" అని ఉంది. కింద స్పెషలాఫీసర్ సంతకం.

ఇట్లు,
మీ పాఠకుడు,
రిటైర్డ్ కార్పొరేషన్ ఉద్యోగి