అమ్ములుకు, బటన్ సంగతి

నల్లకుంట, హైదరాబాద్
ఆదివారం

చిరంజీవి అమ్ములుకు,

అమ్మ ఆశీస్సులు. రాత్రి ఫోనులో నువ్వు విసుక్కున్న విసుగు పడుకున్నాక కూడా నా చెవిలో తిరుగుతూనే ఉంది. "ఫైళ్ల పని చేసే నా ప్రోగ్రాంలో, నొక్కగానే బటన్ మీద 'పని జరుగుతోంది' అని రాయమన్నాను, పసుపు రంగు వేయమన్నాను. నలభై సెకన్లూ కొయ్యలా నిలబడింది. పని అయ్యాక చూస్తే మళ్లీ పాత బటనే. నా రెండు లైన్లు ఎవరు మింగారమ్మా?" అన్నావు. ఇలాంటిది ఫోనులో చెబితే సగం నీకు చేరుతుంది, సగం మీ హాస్టల్ గోలలో కలిసిపోతుంది. అందుకే కాగితం తీశాను.

నీ లైన్లను ఎవరూ మింగలేదు. నావీ ఒకప్పుడు ఇలాగే మాయమయ్యాయి, బేగంబజార్‌లో.

అప్పటికి నువ్వు పుట్టలేదు. అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర విజువల్ బేసిక్ 6 నేర్చుకుని, 2000లో ఒక హోల్‌సేల్ కొట్టుకు బిల్లింగ్ ప్రోగ్రాం రాసిచ్చాను. జీలకర్ర, ఎండుమిర్చి, జీడిపప్పు అమ్మే కొట్టు. కింద గల్లా, పైన గోడౌన్. 'బిల్లు' అన్న బటన్ నొక్కితే పై అంతస్తులోని కంప్యూటర్‌లో సరుకు లెక్క తగ్గాలి, ఆ తరువాత డాట్ మాట్రిక్స్ ప్రింటర్ కిర్రుకిర్రుమంటూ కాగితం వదలాలి. ఎనిమిది, పది సెకన్లు పట్టేది. గుమాస్తా గారికి అరవై దాటాయి. ఎదురుగా హమాలీ వీపు మీద బస్తాతో వంగి నిలబడి ఉంటే ఆ పది సెకన్లు ఎంత పొడవో ఆయనకు తెలిసినట్టు నాకు తెలియలేదు. ఆయన నొక్కేవారు. తెర కదలకపోతే ఇంకోసారి నొక్కేవారు. ఆ పైన కాస్త గట్టిగా నొక్కేవారు, గట్టిగా నొక్కితే కంప్యూటర్‌కు వినిపిస్తుందేమోనని.

ఒక్క బస్తా జీలకర్రకు మూడు బిల్లులు వచ్చాయి.

నేనూ నీలాగే చేశాను. మొదటి లైనులో బటన్ మూసి, దాని మీద 'ఆగండి' అని రాసి, చివరి లైనులో మళ్లీ తెరిచాను. తెర మీద ఏ మార్పూ లేదు. రెండు రోజులు తల పట్టుకున్నాక అసలు సంగతి అదే కొట్టులో దొరికింది. గల్లా దగ్గర ఉన్నది ఒక్క మనిషే అనుకో. బేరాలు వినేదీ ఆయనే, బయట బోర్డు తిప్పేదీ ఆయనే. ప్రోగ్రాంలో తెర పనులన్నీ చూసే థ్రెడ్డూ, అంటే పనులు ఒకదాని తరువాత ఒకటి చేసుకుపోయే చెయ్యీ, అంతే, ఒక్కటే. నువ్వు 'పసుపు రంగు వెయ్యి' అంటే అది వెంటనే వేయదు, తీరిక దొరికినప్పుడు వేయాలని గుర్తు పెట్టుకుంటుంది. వెంటనే నువ్వు దాన్నే గోడౌన్‌కు తోలావు, నలభై సెకన్ల పనికి. అది దిగివచ్చేసరికి 'పాత రంగు వెయ్యి' అని రెండో మాట కూడా చెప్పేశావు. అప్పుడు తీరిగ్గా బోర్డు చూస్తే తిప్పవలసింది ఏముంది? బటన్ నీ మాట విన్నది తల్లీ, చూపించే తీరికే దానికి దొరకలేదు.

సరే, 'రిఫ్రెష్' అని ఒక మాట చేర్చాను. ముందు బోర్డు తిప్పు, తరువాతే మెట్లెక్కు అన్నట్టు. బటన్ బూడిద రంగులోకి మారింది, 'ఆగండి' కనిపించింది. నేను మురిసిపోయి ఇంటికి వచ్చాను. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ రెండు బిల్లులు!

ఇది మాత్రం కొంచెం ఆగి చదువు, ఎందుకంటే నువ్వూ ఇక్కడే పడతావు. బటన్ మూసే ఉంది కదా, ఆ నొక్కులు ఎలా వెళ్లాయి? అప్పుడు వెళ్లలేదు, బయట వరుసలో నిలబడ్డాయి. గల్లా మనిషి పైన ఉన్నాడు, వాటిని పలకరించేవాళ్లు లేరు. పని అయ్యాక నా చేత్తో నేనే బటన్ తెరిచాను. ఆ తరువాతే ఆయన వరుస వైపు తిరిగాడు. తలుపు తెరిచి ఉంది, ఒక నొక్కు నిలబడి ఉంది, ఇక లోపలికే. ఆ నొక్కు బటన్ మూసి ఉన్నప్పటిదని ఆయనకు ఎవరు చెప్పాలి?

అప్పట్లో దీనికి 'డూఈవెంట్స్' అనే మంత్రం ఉండేది. పని మధ్యలో ఒక్క క్షణం కిందికి దిగి వరుసలో ఉన్నవాళ్లను చూసి రావడం. బటన్ తెరవడానికి ముందు ఒక్కసారి పిలిస్తే పాత నొక్కులు మూసిన తలుపుకు తగిలి పోతాయి, అంతవరకు బాగానే ఉంది. నేను ఆశకు పోయి, ఒకే పని మళ్లీ మళ్లీ తిరిగే లూపు లోపల కూడా పెట్టాను. గుమాస్తా గారు ఒక బిల్లు సగంలో ఉండగా పక్కనున్న 'కొత్త బిల్లు' నొక్కారు. ఎండుమిర్చి ఒకరి పేరున, దాని డబ్బులు ఇంకొకరి పేరున పడ్డాయి. సేఠ్ గారు నాకు రావలసిన ఆరు వేలలో వెయ్యి పట్టుకున్నారు. న్యాయమే అనుకో, అయినా ఆ వెయ్యి నాకు ఇప్పటికీ గుర్తే.

నీకు ఆ బాధ లేదు. పైథాన్‌లో విండోలు, బటన్లు గీసే టికింటర్ వాడుతున్నానన్నావు కదా. బటన్ మార్చిన వెంటనే 'అప్‌డేట్ ఐడిల్‌టాస్క్స్' అని పిలిస్తే రంగు కనిపిస్తుంది. కానీ విండో మాత్రం నలభై సెకన్లూ చచ్చినట్టే పడి ఉంటుంది. విండోస్ 5 సెకన్లు చూసి, ఈ ప్రోగ్రాం స్పందించడం లేదని అందరికీ చాటుతుంది. ఉత్త 'అప్‌డేట్' జోలికి మాత్రం పోవద్దు, అది నా డూఈవెంట్స్‌కు చెల్లెలు. పనిని వేరే థ్రెడ్‌కు ఇవ్వు, అంటే గోడౌన్‌కు ఇంకో మనిషిని పెట్టుకో. ఆ మనిషి వచ్చి బోర్డు ముట్టుకోకూడదు. 'ఇంత అయింది' అని ఒక చీటీ క్యూలో వేసి పోవాలి. గల్లా మనిషి 'ఆఫ్టర్' సాయంతో 100 మిల్లీసెకన్లకు ఒకసారి ఆ చీటీలు చూసి, తానే బటన్ మారుస్తాడు. పని మధ్యలో తప్పు జరిగినా ఒక చీటీ రావాలి. ఆ చీటీ వేసే లైను, తప్పు జరిగినా జరగకపోయినా చివర నడిచి తీరే 'ఫైనల్లీ'లో పెట్టు. లేకపోతే ఒక ఫైలు పాడైన రోజున నీ బటన్ పసుపు చీరలో అలాగే ఉండిపోతుంది.

ఇక రూపం సంగతి. పసుపు, ఆకుపచ్చ, ఎరుపు అంటున్నావు. మీ నాన్నకు ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియదని, టమాటాలకు పంపితే పచ్చికాయలు తెస్తారని నీకు తెలియనిదా? రంగు మార్చుకో, కానీ మాట కూడా మార్చు. పైగా మీ టీమ్‌లో మాక్ వాడేవాళ్లకు ఆ పసుపు కనిపించదు, అక్కడ టికింటర్ మామూలు బటన్ నేపథ్య రంగును పట్టించుకోదు. మాట పొడవైతే బటన్ సాగి పక్కవాటిని నెడుతుంది, అందుకని వెడల్పు ముందే కట్టెయ్యి. ఒక సెకను దాటితే మనిషికి ఆలస్యం తెలుస్తుందని, పది దాటితే ధ్యాస వేరే వైపు పోతుందని, కంప్యూటర్ వాడకం సులువు మీద పరిశోధించిన జేకబ్ నీల్సన్ 1993లో లెక్క చెప్పాడు. నీది నలభై. ఉత్త 'ఆగండి' చాలదు, '40లో 12వ ఫైలు' అని చూపించు. ఆ అంకె కదులుతుంటే మనిషి చెయ్యి మౌస్ మీంచి లేస్తుంది. నేను గుమాస్తా గారికి ఆ అంకె చూపించి ఉంటే బాగుండేది.

టమాటా పచ్చడి బుధవారానికి అందుతుంది, మూత గట్టిగా పెట్టు. సంక్రాంతికి వచ్చేటప్పుడు లాప్‌టాప్ తెచ్చుకో. నీ బటన్ మొదట నాన్న చేత నొక్కిద్దాం. ఆయన ఎలాగూ ఒక్కసారి నొక్కి ఆగరు.

ప్రేమతో,
అమ్మ