చలి సాయం నిధి: జమా ఖర్చుల వివరణ (2024–25 చలికాలం)

కాలనీ వాసులందరికీ నమస్కారం.

ఆదిలాబాద్ చలి ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున 10 డిగ్రీల లోపుకు దిగడం మనకు మామూలే. ఆ వేళలో మన వీధులు ఊడ్చి చెత్త ఎత్తే 34 మంది పారిశుద్ధ్య కార్మికుల కోసం వసూలు చేసిన సొమ్ము లెక్క ఇది. ఈ లెక్క సంక్రాంతికే ఇవ్వాలని కొందరు పట్టుబట్టారు. కార్మికులు చలికి తలదాచుకునేందుకు కడుతున్న రేకుల గది పని పూర్తికాకుండా లెక్క ఎలా మూస్తాం?

జమ (రూపాయల్లో)
ఇంటింటి చందా: 46,500
దుకాణదారులు: 18,000
వినాయక చవితి నిధి మిగులు: 7,350
హైదరాబాద్, నాగపూర్‌లలో ఉంటున్న మన పిల్లలు పంపినది: 11,000
మొత్తం: 82,850

ఇచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. యాభై రూపాయలిచ్చిన వారి పేరు కూడా రసీదు పుస్తకంలో ఉంది. సమావేశంలో చేయెత్తి చెప్పిన మొత్తాల్లో మరో 9,500 ఇంకా రావాలి. పేర్లు రాయడం లేదు. లెక్కల గురించి గట్టిగా అడుగుతున్న వారిలో ఇద్దరి బాకీ ఇందులోనే ఉందని మాత్రం చెప్పక తప్పదు.

ఖర్చు
ఉన్ని స్వెట్టర్లు 34: 17,680
చేతి తొడుగులు 68 జతలు: 6,460
మంకీ క్యాపులు 34: 3,740
మేజోళ్లు 68 జతలు: 3,060
మెరుపు పట్టీల జాకెట్లు 34: 5,440
ఉదయం టీ: 9,600
ఆటో కిరాయి, రసీదు పుస్తకాలు: 1,150
రేకుల గది: 31,900
మొత్తం: 79,030. చేతిలో మిగిలినది 3,820.

ఏటా లాగే దుప్పట్లు పంచితే సరిపోయేదని కొందరన్నారు. దుప్పటి కప్పుకుని చీపురు పట్టలేరు. తొడుగులు తలకు రెండు జతలు ఎందుకంటే తడి చెత్త ఎత్తేటప్పుడు మొదటి జత నానిపోతుంది. తడిసినది చేతికి ఉంటే లేనిదానికన్నా నష్టం, ఒంటి వేడిని నీరు గాలికన్నా త్వరగా లాగేస్తుంది. జాకెట్లు పొగమంచు కోసం. 44వ జాతీయ రహదారి వైపు ఊడ్చేవారు లారీ డ్రైవర్లకు దూరం నుంచే కనబడాలి.

ఇక గది సంగతి. ‘స్వెట్టర్లకని వసూలు చేసి గది కట్టమని ఎవరన్నారు?’ అన్న ప్రశ్న కమిటీ చెవిన పడుతూనే ఉంది. డిసెంబరు మొదటి ఆదివారం సమావేశంలో తీర్మానం అయింది. ఆ రోజు రానివారు మినిట్స్ పుస్తకం చూడవచ్చు. కార్మికులు తెల్లవారకముందే హాజరు వేయించుకుని, ట్రాక్టరు వచ్చేదాకా కూడలిలో నిలబడతారు. పని మధ్యలో చెమటతో తడిసిన ఒంటితో అక్కడే కూర్చుంటారు. అసలు చలి పట్టేది అప్పుడే. వెచ్చదనానికి పాత టైర్లు, ప్లాస్టిక్ కాల్చి ఆ పొగ పీలుస్తున్నారు.

గది ఎందుకు, రెండు బొగ్గుల కుంపట్లు కొనిస్తానని ఒక పెద్దాయన ముందుకొచ్చారు. వద్దన్నందుకు ఇప్పటికీ ముఖం తిప్పుకుంటున్నారు. తలుపులు మూసిన గదిలో కుంపటి పెడితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఆయన మనసు నొచ్చుకుంటుందని ఆ పని చేయలేం కదా. గదికి పైన గాలి సందులు వదిలింది కూడా, లోపల కుంపటి వద్దని బోర్డు పెట్టినా ఎవరో ఒకరు పెడతారన్న భయంతోనే. ‘చలికి కట్టిన గదికి సందులా?’ అని నవ్వినవారికి ఇదే జవాబు.

మొదటి అంచనా 24,000. అది 31,900 ఎలా అయిందంటే: రేకులు, ఇనుప గొట్టాలు, వెల్డింగు 17,400, ఉత్తరం గోడ ఇటుకతో కట్టడానికి 7,200, నేలకు సిమెంటు 3,800, బల్లలు, లైటు 3,500. మొదట నాలుగు వైపులా రేకులే అనుకున్నాం. ఉత్తరపు గాలికి రేకు మంచుగడ్డలా చల్లబడుతుందని తాపీ మేస్త్రీ చెప్పాక ఆ ఒక్క గోడ మార్చాం. స్థలం గుడి పెద్దలు అద్దె లేకుండా ఇచ్చారు, వారికి ప్రత్యేక కృతజ్ఞతలు.

ఆలస్యానికి కారణం వెల్డింగు దుకాణం. అడ్వాన్సు తీసుకుని, పెళ్లి పనుల ఒప్పుకోళ్లు మీద పడ్డాయని జనవరి రెండో వారం దాకా తిప్పించారు. గట్టి చలి అప్పటికే సగం గడిచిపోయింది, నిజమే. అడ్వాన్సు వదులుకుని వేరే చోటికి వెళ్లి ఉంటే ఈ రోజు ఆ నష్టం గురించి అడిగేవారు.

గది గోడకు అంటించిన జాగ్రత్తల కాగితం మన కాలనీలో ఉండే నర్సు రాసిచ్చినది, ఖర్చు లేదు. అందులో ఉన్నది ఇది: వణుకుతూ మాట తడబడినా, చేతిలోని వస్తువు జారిపోతున్నా, గట్టి చలిలో ఉన్నట్టుండి వణుకు ఆగిపోయినా ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. లోపలికి తెచ్చి, తడి బట్టలు మార్చి, తెలివిగా ఉంటే వేడి టీ ఇచ్చి, 108కి ఫోను చేయండి. మందు తాగితే చలి పోతుందని నమ్మే వారికోసం ఇంకో వరుస ఉంది: అది రక్తాన్ని చర్మం మీదికి తెచ్చి లోపలి వేడిని బయటికి పంపేస్తుంది.

దాతలకు శాలువాలు కప్పలేదని కూడా ఫిర్యాదు వచ్చింది. ఆ పద్దు ఈ లెక్కలో లేదు, ఉండదు.

మిగిలిన 3,820తో చినిగిన తొడుగులు మార్చాలని నిర్ణయం. రావాల్సిన 9,500 వస్తే గది తలుపు పని కూడా అవుతుంది, ప్రస్తుతం గోనె తెర వేలాడుతోంది. రసీదులు, బిల్లులు కోశాధికారి ఇంట్లో ఉన్నాయి. ఆదివారం ఉదయం ఎవరైనా వచ్చి చూడవచ్చు, బాకీ ఉన్నవారు వచ్చేటప్పుడు డబ్బు కూడా తెస్తే అదే పూట రసీదు రాస్తాం.

ఇట్లు
కాలనీ కమిటీ